తలుపు వేసుకుని చేసే పనికి తోడెవరు? – థెరపిస్టుల ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కౌన్సెలింగ్, సైకోథెరపీ చేస్తున్నవాళ్లు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చేసి తిరుపతిలో కౌన్సెలింగ్ సెంటర్ నడుపుతున్నాను. సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తన మార్చుకునే థెరపీ), మైండ్‌ఫుల్‌నెస్, ట్రామా (మానసిక గాయం) మీద వారాంతపు ఆన్‌లైన్ కోర్సులు చాలానే చేశాను. అయినా వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు సిటింగుల తర్వాత మళ్లీ కనిపించరు. ఇప్పుడు ఏ కోర్సు చేస్తే మంచిది?

జవాబు: ప్రస్తుతానికి ఏ కోర్సూ వద్దు. మీకు కొరతగా ఉన్నది పాఠం కాదు, మీ పనిని చూసి చెప్పే మనిషి. ఈ వృత్తిలో పొరపాటు జరిగితే ఎవరూ వచ్చి చెప్పరు. నచ్చనివాళ్లు గొడవపడరు, రావడం మానేస్తారు, అంతే. అందుకే ఏళ్లు గడిచినంత మాత్రాన చేయి తిరగదు. అమెరికాలో 170 మంది థెరపిస్టుల ఫలితాలను ఏళ్ల తరబడి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అనుభవం పెరిగేకొద్దీ సగటు ఫలితం పెరగకపోగా రవ్వంత తగ్గింది.

ముందు లెక్క రాయడం మొదలుపెట్టండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో వరస: పేరుకు బదులు ఒక నంబరు, మొదటి సిటింగు తేదీ, ఎన్నో సిటింగు దగ్గర ఆగారు, మాట్లాడుకుని ఆపారా లేక చెప్పకుండా మానేశారా, దిగులుతో వచ్చినవాళ్లయితే ప్రతిసారీ పీహెచ్‌క్యూ-9 (దిగులు తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) మార్కు. ఈ మార్కు 0 నుంచి 27 దాకా ఉంటుంది. 5, 10, 15, 20 దగ్గర తీవ్రత ఒక్కో మెట్టు ఎక్కుతుంది. 5 మార్కులు తగ్గితే నిజమైన మార్పుగా లెక్కపెట్టవచ్చు. తెలుగులో ఉంది, తమిళంలోనూ ఉంది కాబట్టి నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవాళ్లకు వాళ్ల భాషలోనే ఇవ్వండి. చదువు రానివాళ్లకు మీరే చదివి వినిపించాలి. అక్కడ తప్పు జరిగేది ‘గత రెండు వారాలు’ అన్నచోట. ‘పోయిన సంతకు ముందు సంత నుంచి’ అని అడిగితే రోజులు సరిగ్గా గుర్తు తెచ్చుకుంటారు. తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే మొత్తం మార్కు ఎంత తక్కువైనా ఆ రోజు లేచేలోపే విడిగా, సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనన్న భయం అక్కర్లేదు.

రెండోది, సాటివాళ్ల బృందం. నలుగురైదుగురు చాలు. ఎనిమిదిమంది దాటితే సగంమంది వినేవాళ్లుగా మిగిలిపోతారు. పదిహేను రోజులకోసారి గంటన్నర కూర్చోండి, ఒక సమావేశానికి ఒకే కేసు పెట్టుకోండి. కేసు తెచ్చినవాళ్లు ముందుగా ఒక్క వాక్యంలో ప్రశ్న చెప్పాలి. ‘ఈ కేసు గురించి మాట్లాడుకుందాం’ అంటే కుదరదు, ‘ఈమె ఏడ్చినప్పుడల్లా నేను మాట మారుస్తున్నానా?’ లాంటిది కావాలి. ఆ తర్వాత పది నిమిషాల ఆడియో వినిపించాలి. రికార్డింగుకు క్లయింటు రాతపూర్వక అంగీకారం ముందే ఉండాలి, విన్నాక చెరిపేస్తామని అందులో రాయాలి. నోటితో చెప్పే కేసులో మనం మనకు తెలియకుండానే మంచిగా కనిపిస్తాం. రికార్డింగులో మనం ఎన్నిసార్లు అడ్డు తగిలామో, ఎంత తొందరగా సలహాకు దిగామో బయటపడుతుంది. విన్నవాళ్లు మొదటి పావుగంట ప్రశ్నలే వేయాలి. సలహాలు ఆ తర్వాతే.

ఇలాంటి బృందాలు మూడు నాలుగు నెలల్లో చెదిరిపోవడానికి సాధారణంగా రెండే కారణాలు. అందరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ కూర్చోవడం ఒకటి. సీనియర్ ఒకరు ప్రతి కేసునూ క్లాసుగా మార్చేయడం రెండోది. సమావేశం నడిపే పని వంతులవారీగా మార్చుకుంటే రెండూ కొంత అదుపులో ఉంటాయి. తిరుపతిలో అందరికీ అందరూ తెలిసినవాళ్లే. కేసు చెప్పబోయే ముందు వయసు, వీధి, ఉద్యోగం మార్చండి. అయినా బృందంలో ఎవరికైనా ‘ఈ మనిషి నాకు తెలుసు’ అనిపిస్తే వాళ్లు మారుమాట లేకుండా లేచి బయటికి వెళ్లాలి. ఈ నియమం మొదటిరోజే పెట్టుకోండి.

బృందంతో పాటు నెలకోసారైనా మీకంటే అనుభవమున్న సూపర్‌వైజరుతో విడిగా మాట్లాడాలి. ఊళ్లో దొరక్కపోతే బెంగళూరు, చెన్నై, వెల్లూరులో ఉన్నవారితో ఆన్‌లైన్‌లో కుదుర్చుకోవచ్చు. ఫీజు, సమయం, అత్యవసరంలో ఫోన్ చేయవచ్చా లేదా, ఇవన్నీ కాగితం మీద పెట్టుకోండి. కోర్సులకు పెడుతున్న డబ్బులో సగం ఇటు మళ్లిస్తే ఖర్చు పెరగదు.

మూడో సిటింగుకు రాకపోవడానికి మీ మొదటి సిటింగులోనే కారణం ఉండొచ్చు. ఎన్నిసార్లు రావాలో చెప్పారా? మందుల చీటీలా ఒక్కసారితో పని అయిపోతుందనుకుని వచ్చేవాళ్లు చాలామంది. ‘వారానికోసారి, ఆరు సార్లు కలుద్దాం. ఆరోసారి ఇద్దరం కూర్చుని మార్పు చూసుకుందాం’ అని చెప్పండి. ప్రతి సిటింగు చివర మూడు నిమిషాలు మిగుల్చుకుని ‘ఈ రోజు మాట్లాడినదాంట్లో మీకు పనికిరానిది ఏది?’ అని అడగండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు.

ప్రశ్న: చిత్తూరులో క్లినికల్ సైకాలజిస్టును. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడింది, సీఆర్‌ఈ (నిరంతర శిక్షణ) పాయింట్లు చాలవు. ఏం చేయాలి?

జవాబు: రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు. కావలసిన పాయింట్లను ఐదుతో భాగించి ఏడాదికింతని సంపాదించుకోవడమే మార్గం. ఆఖరి ఏడాది పరుగులో దొరికిన కార్యక్రమానికల్లా వెళ్లాల్సి వస్తుంది, నేర్చుకునేది ఉండదు. డబ్బు కట్టకముందే ఆ కార్యక్రమానికి ఆర్‌సీఐ ఆమోదం ఉందో లేదో చూడండి. ‘జాతీయ స్థాయి వర్క్‌షాప్’ అన్న మాట పాయింట్లు తెచ్చిపెట్టదు. సర్టిఫికెట్ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని, స్కాన్ చేసి దాచుకోండి.

ఎమ్మెస్సీతో కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లకు ఈ సందర్భంగా ఒక మాట. ఆర్‌సీఐ గుర్తించిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా బోర్డు మీద ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని రాయకూడదు.

ప్రశ్న: పలమనేరు దగ్గర పల్లెల్లో పని చేయాలనుంది. జనం ముందు దర్గాకో, గుడికో, తాయెత్తు కట్టేవాళ్ల దగ్గరికో వెళ్తారు. ఉచిత క్యాంపు పెడితే నమ్మకం వస్తుందా?

జవాబు: క్యాంపుతో మొదలుపెట్టకండి. ఒక్కరోజులో వందమంది చేత కన్నీళ్లు పెట్టించి సాయంత్రానికి వెళ్లిపోతే, మళ్లీ ఎక్కడికి రావాలో తెలియక వాళ్లు ఇంకా దిగులుపడతారు. క్యాంపు పెట్టేముందు వారంలో ఒకరోజు అదే చోట ఏడాది పాటు కూర్చోగలరో లేదో చూసుకోండి.

మొదట పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరును కలవండి. ఒక పేజీ కాగితం ఇవ్వండి. మీరు చూసే సమస్యలు, చూడనివి, ఏ రోజు ఎన్ని గంటలకు దొరుకుతారు, ఇంతే రాయండి. నీరసం, నిద్రలేమి, దిగులుతో వచ్చినవాళ్లకు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు జరిగాయా అని మీరూ అడుగుతారని ఆయనకు తెలిస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది. థైరాయిడ్ మందగించిన మనిషికి నెలల తరబడి కౌన్సెలింగ్ చేయడం అన్యాయం. డాక్టరు పంపిన మనిషి వచ్చారని ఒక చీటీలో తిరిగి తెలియజేయండి. ఆ చీటీకి కూడా క్లయింటు ఒప్పుకోవాలి.

తర్వాత ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు. వాళ్లకు జబ్బుల పేర్లు నేర్పకండి, మూడు గుర్తులు చాలు: రెండు వారాలుగా సరిగ్గా తినక, నిద్రపోక పనికి వెళ్లని మనిషి, కాన్పయ్యాక బిడ్డను పట్టించుకోని తల్లి, చచ్చిపోతానని ఒక్కసారైనా అన్న మనిషి. మూడో గుర్తు కనిపిస్తే మీరు వచ్చే రోజు దాకా ఆగకూడదు, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీయించాలి. ఏ వేళకైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఉచిత సేవ ఇది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. థెరపిస్టుకు కూడా మినహాయింపు లేదు. గోప్యతకున్న ఈ హద్దును క్లయింటుకు మొదటి సిటింగులోనే చెప్పాలి.

దర్గాతోనూ గుడితోనూ వాదం పెట్టుకోవద్దు. మొక్కు మనిషికి ఆసరా. అక్కడి పెద్దలను రెండే అడగండి: మందు మాన్పించవద్దు, ఎవరినీ కట్టేయవద్దు. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గరి మానసిక రోగుల ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. ఇదే తమిళనాడులో తిరుచ్చి దగ్గర గుణశీలం వేంకటేశ్వరుని గుడికి తోడుగా మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. పూజ, మందు పక్కపక్కనే సాగవచ్చని పూజారులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ప్రశ్న: మా థెరపిస్టుల వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా కేసులు పెట్టి సలహా అడుగుతుంటారు. తప్పా?

జవాబు: తప్పే. ‘యూనివర్సిటీ హాస్టల్లో ఉండే, తండ్రి కొండ మీద ఉద్యోగి అయిన పీజీ అమ్మాయి’ అంటే తిరుపతిలో పేరు చెప్పినట్టే. ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఆ అమ్మాయి ఇంటికి చేరుతుంది. గ్రూపును వేరే పనికి వాడుకోండి: తిరుపతి రుయా ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ రోజులు, తమిళం మాట్లాడే థెరపిస్టు ఎవరు, పిల్లలను చూసేవాళ్లెవరు, తాగుడు మాన్పించే కేంద్రాల్లో ఎక్కడ ఖాళీ ఉంది. ఈ జాబితాను మూడు నెలలకోసారి ఫోన్ చేసి సరిచూడాలి. పాత నంబరు పట్టుకుని వెళ్లిన మనిషి రెండోసారి మరెక్కడికీ వెళ్లకపోవచ్చు. కేసు గురించే అడగాలంటే గ్రూపులో ‘ఒక విషయం మాట్లాడాలి, ఎవరికి వీలవుతుంది?’ అని మాత్రం రాసి, ముందుకొచ్చినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి.