సగం ముస్తాబైన పాత పికప్: రంగు వేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. 2019లో 1956 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌ను 12,000 డాలర్లకు కొన్నాను. ఇంజన్, బ్రేకులు, వైరింగ్, సీటు పనులకు మరో 19,000 పెట్టాను. రంగు మాత్రం పాతదే, అక్కడక్కడా తుప్పు ఉంది. ఒకాయన ఇప్పుడున్నట్టుగానే 26,000కు అడుగుతున్నారు. బాడీ పని, రంగు పూర్తిచేస్తే 38,000 పలుకుతుందని షాపువాళ్లు అంటున్నారు. అందుకు 11,000 ఖర్చు, ఎనిమిది నెలల సమయం. ట్రక్కు పెట్టిన స్టోరేజీకి నెలకు 90 డాలర్లు కడుతున్నాను. క్రెడిట్ కార్డు మీద 22 శాతం వడ్డీకి 9,000 బాకీ కూడా ఉంది. ఏం చేయమంటారు? నష్టానికి అమ్మితే పన్నులో చూపించుకోవచ్చా?

జవాబు: ఉన్నదున్నట్టు అమ్మేయండి. మీరు పెట్టిన 31,000 ఈ లెక్కలోకి రాదు. రంగు వేయించినా వేయించకపోయినా ఆ డబ్బు ఖర్చయిపోయినదే. ఇక ముందు పెట్టబోయే ప్రతి డాలరూ ఎంత తెస్తుందన్నదే చూడాలి.

షాపువాళ్ల మాటే నిజమనుకుందాం. 11,000 పెడితే ధర 12,000 పెరుగుతుంది. మిగిలేది వెయ్యి. ఎనిమిది నెలల స్టోరేజీ 720. ఇవాళే అమ్మి కార్డు బాకీ తీర్చేస్తే ఆ ఎనిమిది నెలల్లో తప్పే వడ్డీ 1,320. మిగిలిన 17,000 నాలుగు శాతం వచ్చే సేవింగ్స్ ఖాతాలో ఉంటే మరో 450 దాకా. మొత్తం 2,490. అంటే అంతా అనుకున్నట్టు జరిగినా మీకు పోయేది దాదాపు 1,500. అదీ ఆ 11,000 చేతిలో సిద్ధంగా ఉంటేనే. దాన్ని కూడా కార్డు మీదే గీకితే చెప్పక్కర్లేదు. పైగా 38,000 అన్న అంకె వచ్చింది 11,000 అందుకోబోయే షాపు నుంచి.

ఈ ట్రక్కుల్లో ఎస్టిమేటు తడిసి మోపెడు కావడానికి కారణం ఉంది. తుప్పు బయట కనిపించే చోట మొదలవదు. క్యాబ్ వెనక మూలల్లో, తలుపు కింది గడప లోపలి రేకులో, పాదాల దగ్గరి ఫ్లోరులో, క్యాబ్ చాసిస్ మీద కూర్చునే మౌంట్ల దగ్గర మట్టీ తేమా చేరి లోపలి నుంచి తినేస్తుంది. రంగు గీకితే గానీ ఎంత రేకు మిగిలిందో తెలియదు. పని సగంలో ఉండగా ఆపలేరు. విప్పేసిన ట్రక్కును 26,000కు కూడా ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. మెరిసే కొత్త రంగు చూస్తే తెలిసిన కొనుగోలుదారుకు ముందుగా వచ్చేది అనుమానమే: కింద పుట్టీ ఎంత ఉందో అని. అయస్కాంతం జేబులో వేసుకుని వస్తారు, అది అతుక్కోని చోటల్లా ధర దిగుతుంది. పాత రంగు కింద ఏముందో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి బేరం తేలిక.

అలాగని మొదటి బేరానికే ఇచ్చేయనక్కర్లేదు. ఆయన్ని రెండు వారాలు ఆగమని చెప్పి ప్రకటన పెట్టండి. ధర చూసేటప్పుడు ప్రకటనల్లో అడిగే ధరలు కాదు, వేలాల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. పాత వాహనాల ధరలు ప్రచురించే హేగర్టీ సంస్థ పట్టికలో 1 అంటే ప్రదర్శన స్థాయి, 4 అంటే నడుస్తుంది కానీ లోపాలు కనిపిస్తాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది 3కీ 4కీ మధ్య. 2తో పోల్చుకుని నిరాశపడకండి.

మీ మోడల్‌కు ఉన్న బలం ప్రకటన మొదటి వాక్యంలోనే రావాలి. 1953 నుంచి 1956 దాకా వచ్చిన ఆ బాడీలో పక్కలకు వంపు తిరిగిన ముందు అద్దం 1956లో మాత్రమే ఉంది. ఫోర్డ్ 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారిందీ ఆ ఏడాదే. వెనక పెద్ద అద్దం అప్పట్లో ఆప్షన్. మీ ట్రక్కుకు అదుంటే తప్పకుండా రాయండి, దానికి అదనంగా ఇస్తారు.

ఇంజన్ ట్రక్కుతో వచ్చిన అసలు 272 (క్యూబిక్ అంగుళాల) వి8 అయితే కొనేవాళ్లకు ఒక భయం ఉంటుంది. వై-బ్లాక్ అని పిలిచే ఆ ఇంజన్లలో పైనున్న రాకర్ ఆర్మ్‌లకు (వాల్వులను తెరిచే మీటలు) ఆయిల్ సరిగా ఎక్కకపోవడం పాత జబ్బు. వాల్వ్ కవర్లు విప్పి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా రెండు వైపులా ఆయిల్ వస్తున్నట్టు వీడియో తీయండి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించి ఎనిమిది సిలిండర్ల అంకెలూ రాసిపెట్టండి. అతి తక్కువ అంకె అతి ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే అదీ చెప్పండి, ఎలాగూ బయటపడుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే వీడియో, కింది భాగం ఫొటోలు, తుప్పు దగ్గరి ఫొటోలు పెట్టండి. మార్చిన పాత కార్బొరేటర్, బ్రేకు సామాన్లు ఉంటే పారేయకుండా ట్రక్కుతోపాటే ఇవ్వండి. ఖర్చు పెట్టాలనిపిస్తే బ్రేకుల లీకేజీ, బ్యాటరీ, శుభ్రమైన వాష్ దగ్గర ఆపండి.

మీ తరఫున అమ్మిపెట్టే కన్‌సైన్‌మెంట్ డీలరు కమీషనుగా నూటికి పది చుట్టూ తీసుకుంటే 28,000కు అమ్మినా మీకొచ్చేది 25,200. నేరుగా వచ్చిన 26,000 కంటే అది తక్కువే.

పన్ను సంగతి. సొంత వాడకానికి కొన్న వాహనం నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని షేర్ల లాభం మీద గానీ జీతం మీద గానీ తగ్గించుకోవడం కుదరదు. లాభం వస్తే మాత్రం పన్ను ఉంటుంది. కొన్న ధరకు విలువ పెంచిన పనుల ఖర్చు కలుపుకోవచ్చు. ఇన్సూరెన్స్, స్టోరేజీ, ఆయిల్ మార్పు, మీరు స్వయంగా పడ్డ శ్రమ కలవవు. 26,000కు అమ్మితే పన్ను లేదు, కానీ రసీదులు దాచండి. ఆన్‌లైన్ చెల్లింపు సంస్థ మీకొచ్చిన డబ్బు చూపే 1099-కె పన్ను ఫారం పంపితే, అది సొంత వస్తువు నష్టానికి అమ్మిన డబ్బని రిటర్నులో చూపించడానికి అవే ఆధారం.

డబ్బు చేతికి వచ్చేదాకా టైటిల్ (వాహనం మీదేనని చూపే పత్రం) ఇవ్వొద్దు. క్యాషియర్స్ చెక్కుతో (బ్యాంకే తన పేరున రాసిచ్చే చెక్కు) మోసాలు ఎక్కువ: ఖాతాలో మర్నాడే డబ్బు కనిపిస్తుంది, దొంగ చెక్కని రెండు వారాల తర్వాత తేలుతుంది, అప్పటికి ట్రక్కు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొనేవారి బ్యాంకుకే వెళ్లి, కౌంటరులో మీ ముందే చెక్కు రాయించుకోండి. లేదా వైరు (బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా పంపే డబ్బు) వచ్చిందని మీ బ్యాంకుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. ధర కంటే ఎక్కువ పంపి మిగతాది తిరిగి ఇమ్మంటే అది మోసమే. నగదు తెస్తే 10,000 దాటిన డిపాజిట్‌ను బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేస్తుంది. అందులో భయపడాల్సింది లేదు. దాన్ని తప్పించుకోవాలని ముక్కలుగా వేయడమే నేరం.

ప్రకటనకు ముందే చాసిస్ మీది నంబరూ టైటిల్ మీది నంబరూ ఒకటేనా చూసుకోండి. 1981కి ముందు అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ (వాహన గుర్తింపు నంబరు) పద్ధతి లేదు కాబట్టి పాత టైటిళ్లలో ఒక అక్షరం తేడా పడటం మామూలే, కానీ దాన్ని సరిచేయించడానికి వారాలు పడుతుంది. అమ్మకపు పత్రంలో తేదీ, ధర, నంబరు, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట ఉండాలి. వీలైతే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి బదిలీ అక్కడే ముగించండి. ప్లేట్లు మీరు తీసేసుకోండి. 30 రోజుల్లోగా టెక్సస్ మోటారు వాహనాల శాఖకు వాహన బదిలీ నోటిఫికేషన్ పంపండి. పంపకపోతే కొన్నవారు కట్టని టోల్ బిల్లులు మీ ఇంటికొస్తాయి. ఇన్సూరెన్స్ రద్దు ఆ తర్వాతే. మిగిలిన నెలల ప్రీమియం వాపసు అడగడం మరిచిపోకండి.