రహస్యం మీద కథ నిలబెట్టకు

చిరంజీవికి,

నీ కథ చదివాను. పిన్నీ అని పిలుస్తావు గనక చనువు తీసుకుని నేరుగా విషయానికొస్తాను.

అట్లాంటాలో నల్లజాతి స్నేహితురాలి పెళ్ళి. పనుల్లో చెయ్యేస్తూ, అన్నీ గమనిస్తూ మన తెలుగమ్మాయి. ఇంకో వారంలో పెళ్ళనగా పెళ్ళికొడుకు ఫోన్‌లో ఎవరో మగవాడి మెసేజ్ బయటపడుతుంది. అరుపులు, ఏడుపులు, పెళ్ళి ఆగిపోతుంది. ఇందులో నాకు నచ్చింది వంటిల్లు. పెళ్ళికొడుకు నాయనమ్మ కొలార్డ్ ఆకుకూర కడుగుతూ, ఇసుక పోలేదని మళ్ళీ నీళ్ళు మార్చి, కాడలు చీలుస్తూ కాబోయే మనవరాలిని ఓరకంట చూడటం చాలా బాగుంది. ఆ అరపేజీలో ఇద్దరు మనుషులు కనిపించారు. మెసేజ్ వచ్చాక ఒక్కరూ కనిపించలేదు.

ఎందుకంటే అక్కణ్ణుంచి కథ నువ్వు రాయలేదు, అమెరికా ఎప్పుడో రాసిపెట్టింది. 2003, 2004 ప్రాంతంలో అక్కడి పత్రికలూ టీవీ షోలూ 'డౌన్ లో' అన్న మాట పట్టుకుని ఊగిపోయాయి. ఇంట్లో భార్య ఉండగా చాటుగా మగవాళ్ళతో తిరిగే నల్లజాతి మగవాడనీ, నల్లజాతి స్త్రీలకు హెచ్.ఐ.వి. వస్తున్నది అతనివల్లేననీ ఒకటే ప్రచారం. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2005లో కొందరు పరిశోధకులు ముందేసుకుని చూస్తే అంత పెద్ద నిందకు తగిన ఆధారం దొరకలేదు. చాటుమాటు వ్యవహారాలు అన్ని రంగులవాళ్ళకీ ఉన్నాయి. దానికి ఒక పేరు తగిలించి జాతి లక్షణంగా చూపించింది మాత్రం వీళ్ళ విషయంలోనే. నీ పెళ్ళికొడుకు ఆ ప్రచారంలోంచి నడిచొచ్చాడు. అతను ఏం పని చేస్తాడో, దేనికి నవ్వుతాడో నాకు తెలీదు. ఫోన్ పాస్‌వర్డ్ మాత్రం తెలిసింది.

అతని చెల్లెలి సంగతీ అంతే. ఆమె బైసెక్సువల్ అని, అంటే ఆడా మగా ఇద్దరి మీదా మనసు పడే మనిషని, చెప్పడానికి నీకు దొరికిన సన్నివేశం బార్‌లో తాగి ఇంకో అమ్మాయిని ముద్దుపెట్టుకోవడం, పక్క టేబుల్ మగవాళ్ళు ఈలలేయడం. నల్లజాతి ఆడదానికి కోరికలెక్కువ అన్న మాట బానిసత్వం నాటిది. యజమానులు తాము చేసిన అత్యాచారాల పాపం ఆమె నెత్తిన రుద్దడానికి అల్లుకున్నది. దాని మీద 'వీళ్ళకి ఎవరైనా ఒకటే' అన్న రెండో నింద కూడా పేర్చావు. ఇన్ని మోస్తున్న పిల్లకి కథ మొత్తంలో నువ్విచ్చినవి రెండు డైలాగులు, రెండూ తాగినప్పటివే.

ఇక అసలు చిక్కు. బైసెక్సువల్ మనిషిని లోకం పక్కనున్నవాళ్ళను బట్టి లెక్కేస్తుంది. పక్కన భార్య ఉంటే మారిపోయాడంటారు, మగవాడుంటే ఇన్నాళ్ళూ అబద్ధమాడాడంటారు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013 సర్వేలో, జంటగా స్థిరపడ్డ బైసెక్సువల్ వ్యక్తుల్లో 84 శాతం మంది భాగస్వాములు వేరే జెండర్ వాళ్ళే. తన జీవితంలో ముఖ్యమైనవాళ్ళలో అందరికీ లేదా చాలామందికి ఈ సంగతి తెలుసన్నవాళ్ళు 28 శాతం. గే పురుషుల్లో అది 77. ఇది అన్ని జాతులవాళ్ళనూ కలిపిన లెక్కే గానీ, నీ కథకి పనికొస్తుంది. వీళ్ళు దాక్కోనక్కర్లేదు, ఊరికే ఉన్నా కనపడరు. దాన్ని మోసం కింద జమకట్టడమే నీ కథలో జరిగింది.

నల్లజాతి ఉద్యమకారుడు ఏబిల్లీ జోన్స్-హెన్నిన్ జీవితం చూడు. పెళ్ళయింది, పిల్లలున్నారు. తర్వాత ఒక పురుషుడితో నలభై ఏళ్ళకు పైగా కాపురం చేశాడు. 2024లో పోయేదాకా తనను బైసెక్సువల్ అనే చెప్పుకున్నాడు. 1978లో నల్లజాతి గేల జాతీయ సంఘాన్ని స్థాపించినవాళ్ళలో ఒకడు, మరుసటి ఏడు గే హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ ప్రదర్శనకు పనిచేసినవాడు. ఈ జీవితంలో బట్టబయలు కావలసిన రహస్యం ఏముంది? కథ మాత్రం ఎంతుందో చూశావా!

అంతకు చాలా ముందే, 1926లో, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్ కుర్రాళ్ళు 'ఫైర్!!' అని ఒక పత్రిక తెచ్చారు. ఒక్క సంచికతో ఆగిపోయింది. అందులో రిచర్డ్ బ్రూస్ నూజెంట్ కథ ఉంది. అప్పటికతనికి ఇరవై ఏళ్ళు, నీకంటే చిన్నవాడు. కథలో కుర్రాడికి ఒక అబ్బాయి మీదా, ఒక అమ్మాయి మీదా ప్రేమ. ఎవరూ పట్టుకోరు, ఎవరూ శిక్షించరు. వాక్యాల మధ్య చుక్కలు పెట్టుకుంటూ, సిగరెట్ పొగలా తేలుతూ ఆలోచిస్తాడు, ఇద్దర్నీ ప్రేమించవచ్చు అనుకుంటాడు. ఇంట్లోవాళ్ళు ఇబ్బందిపడతారని నూజెంట్ తన ఇంటిపేరు దాచుకున్నాడు గానీ పాత్ర మనసు దాచలేదు. వందేళ్ళ కింద ఒక కుర్రాడు చేయగలిగాడమ్మా.

కుటుంబం దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు: 'చర్చికి వెళ్ళే మనుషులు, ఒప్పుకోరు.' ఇదీ అరువు సరుకే. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాన్ని ఓటుతో ఆపేసినప్పుడు నల్లజాతి ఓటర్లే కారణమని గోల పుట్టింది. వాళ్ళలో 70 శాతం మంది ఆపెయ్యమనే ఓటేశారని ఎగ్జిట్ పోల్ అంది, తర్వాత జరిగిన విశ్లేషణలో అది 60 లోపేనని తేలింది. 2012లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. బోర్డు ఆ పెళ్ళిళ్ళను సమర్థించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇవెట్ ఫ్లండర్ అనే నల్లజాతి పాస్టరమ్మ 1991లోనే ఇలాంటివాళ్ళకు తలుపు తెరిచిన చర్చి పెట్టింది. అలాగని ఇంట్లో అంతా సుఖమని రాసెయ్యకు. ఎక్కువచోట్ల జరిగేది మాటల్లేని సర్దుబాటు. కొడుకు తెచ్చిన మనిషికి ఆదివారం కంచం పెడతారు, 'వాడి స్నేహితుడు' అంటారు, ఇంకో ప్రశ్న వేయరు. మన ఇళ్ళల్లో 'నలుగురూ ఏమంటారో' లాంటిదేగా అని నీకు తోస్తుంది, కొంతవరకు నిజమే. కానీ బయట పోలీసు, ఉద్యోగం, బ్యాంకు లోను, అన్నిచోట్లా రంగు అడ్డమొచ్చే మనిషికి ఆ ఇల్లూ ఆ చర్చీ తప్ప ఆసరా లేదు. అది పోగొట్టుకోవడం ఖరీదైన పని. పోనీ గే బార్‌కి వెళ్దామా అంటే, అక్కడ నల్లవాళ్ళను మాత్రం ఆపి రెండు మూడు గుర్తింపు కార్డులు అడిగిన కాలముంది. లోపలికెళ్ళినా బైసెక్సువల్ అనేసరికి 'ఇంకా తేల్చుకోలేదా' అంటారు. నీ పెళ్ళికొడుకు ఎక్కడ ఏం దాస్తాడు, ఎందుకు దాస్తాడు అన్నది ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు.

మన తెలుగమ్మాయిని న్యాయమూర్తిని చేశావు, అది నాకు అస్సలు నచ్చలేదు. వీకెండ్ పార్టీల్లో గొంతు తగ్గించి నల్లవాళ్ళను ఏమంటారో విని పెరిగిన పిల్ల. ఆ మాట ఒక్కసారైనా ఆమె బుర్రలో మెదలాలి. అప్పుడు పాఠకుడు ఆమె కళ్ళను కూడా కొంచెం అనుమానిస్తాడు.

ఇంతకీ ఏం చేయమంటానంటే, మెసేజ్ తీసెయ్. పెళ్ళికూతురికి మొదటినుంచీ తెలుసు. తెలిసిన ఇద్దరు పెళ్ళి వారంలో ఏం మాట్లాడుకుంటారు? అతని పాత బాయ్‌ఫ్రెండ్‌ను పిలవాలా వద్దా, పిలిస్తే ఏ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలి? 'హమ్మయ్య, దారిలో పడ్డావు' అని బాబాయి భుజం తడితే అతను నవ్వి ఊరుకుంటాడా? ఊరుకుంటే ఆమెకు కోపమొస్తుందా? కథ అక్కడుంది.

రాశాక, ఈ జీవితం తెలిసిన నల్లజాతి పాఠకులెవరి చేతైనా చదివించు. స్నేహం మొహమాటం మీద వద్దు, వాళ్ళ సమయానికి డబ్బివ్వు. 'బాగుంది' అనిపించుకుని సర్టిఫికెట్‌లా దాచుకోవడానికి కాదు. ఎక్కడ చదవడం ఆగిపోయిందో ఆ పేజీలు గుర్తుపెట్టమను. వాళ్ళు చెప్పేటప్పుడు వాదించకు, రాసుకో. ఆ పేజీలు నాక్కూడా పంపు.

ఆశీస్సులతో,
పిన్ని