కౌలు ఆలస్యం చేసే రైతుది బుద్ధి దోషమేనా?

మీ కౌలు రైతు ఏటా సార్వా (ఖరీఫ్ వరి) కౌలు ఆలస్యం చేస్తున్నాడనీ, అది మనిషి బుద్ధేనా, సైకాలజీ ఏమంటుందనీ అడిగారు. మాదీ అమలాపురం పక్క పల్లెటూరే, ఇంటి కౌలు లెక్కలు నేనే చూస్తాను.

మనం ఒకరి పనికి కారణాన్ని స్వభావంలో వెతుకుతామా, పరిస్థితిలోనా అన్న చర్చకు 1958లో సైకాలజిస్టు ఫ్రిట్జ్ హైడర్ పుస్తకం పునాది వేసింది. ఎదుటివాడి పరిస్థితిని చిన్నచూపు చూసి అంతా స్వభావం మీదికి తోసేయడాన్ని లీ రాస్ 1977లో ‘ప్రాథమిక ఆరోపణ దోషం’ అన్నాడు. మీకు ఎక్కువ పనికొచ్చేది 1967లో హెరాల్డ్ కెల్లీ చెప్పిన పద్ధతి. మూడు సంగతులు కనుక్కోమంటాడు: మిగతావాళ్లూ అలాగే చేస్తున్నారా, ఈ మనిషి మిగతా చోట్లా అంతేనా, ఎప్పుడూ అంతేనా.

మా చేను చేసే ఆయన గురించి హైదరాబాద్‌లో ఉండే మా పెదనాన్నగారు "వాడిది ఎగ్గొట్టే బుద్ధి, మార్చెయ్యరా" అన్నారు. ముందు వాకబు చేస్తానన్నాను. మురుగు కాలువ వెంట పల్లపు చేలు చేసేవాళ్లందరిదీ సార్వాకి ఆలస్యమే. మెరక చేలవాళ్లు టైముకి ఇస్తున్నారు. కాలువ నిండా గుర్రపుడెక్క. తుఫాను వానొస్తే నీరు లాగదు, చేను పడిపోయి కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. ఎరువుల కొట్లో అడిగితే ఆయన బాకీ నిలబెట్టడన్నారు. దాళ్వా (రబీ వరి) కౌలు మాకెప్పుడూ ఆగలేదు. బుద్ధే వంకరైతే దాళ్వాకి మాత్రం ఎలా బాగుపడుతుంది?

1984లో జోన్ మిల్లర్ షికాగో, మైసూరు జనాన్ని పోల్చి చూసింది. తెలిసినవాళ్ల పనులకు మైసూరు పెద్దలు పరిస్థితులను ఎక్కువగా చెప్పారు, షికాగో పెద్దలు స్వభావాన్ని. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ తేడా దాదాపు లేదు, అంటే అది పెరిగేకొద్దీ అబ్బేదే. మన ఇళ్లలోనూ బావగారు అప్పు తీర్చకపోతే "పాపం, ఏ ఇబ్బందిలో ఉన్నారో" అంటాం. ఆ మాట కౌలు రైతు దగ్గరకొచ్చేసరికి నోట రాదు. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

అలాగని ప్రతి ఆలస్యానికీ వాననే తిట్టక్కర్లేదు. ఊళ్లో అందరూ ఇస్తూ ఈయనొక్కడే, అన్ని చోట్లా, రెండు పంటలకీ ఆపుతుంటే మీ అనుమానానికి బలం ఉన్నట్టే.

మేం మటుకు కౌలు మొత్తం దాళ్వా నూర్పిళ్లయ్యాకే తీసుకునేలా మాట్లాడుకున్నాం. మీ చేను పల్లమా, మెరకా? పక్క చేలవాళ్లను అడిగారా?