శివారు చేలకు నీరందించిన మా నాన్నగారు

ఇటీవల మీ నాన్నగారు కాలం చేశారనీ, ఆయన ఎలా బతికారో పిల్లలకు చెప్పబోతే "తాతయ్య చాలా మంచివారు" అన్న మాట దాటి ముందుకు సాగడం లేదనీ రాస్తూ, మిగిలినవారు తమ తండ్రులను ఎలా తలచుకుంటారని అడిగారు. మా అమ్మాయికి నేను మా నాన్నగారి గుణగణాలు చెప్పను, ఆయన చేసిన పని చెబుతాను. పొద్దున లేచి ఎక్కడికి వెళ్లేవారు, చేతిలో ఏముండేది, ఎవరితో ఎందుకు మాట పడ్డారు అన్నవి చెబితే ఆయన ఎలాంటివారో పిల్లకు దానంతటదే అర్థమవుతోంది. మీకూ అలాగే చెబుతాను.

మా నాన్నగారు నీటిపారుదల శాఖలో లస్కరు. మాది కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొర విగ్రహాలు మా వైపు చాలా ఊళ్లలో ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే ఆనకట్ట దగ్గర మళ్లించిన గోదావరి నీరు బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా కాలువల్లో పడి, వాటి నుంచి పిల్లకాలువల్లోకి, పంటబోదెల్లోకి చేరి చివరి చేను తడపాలంటే ప్రతి తూము దగ్గరా షట్టరు ఎత్తి దించే మనిషి ఒకరుండాలి. ఆ మనిషే లస్కరు. నాన్నగారు ఏడో తరగతితో చదువు ఆపి, రోజుకూలీగా కాలువ పూడిక పనిలో చేరి, చాలా ఏళ్ల తరువాత వర్క్‌ఛార్జ్‌డ్ ఉద్యోగి, అంటే పనులకు కేటాయించిన నిధుల నుంచి జీతం అందుకునే మనిషి, అయ్యారు. జీతం తక్కువే. ఇల్లు నడిచింది మా అమ్మ పాడిగేదెల వల్ల.

తెల్లవారుజామునే సైకిలు మీద గట్టు వెంట బయలుదేరేవారు. కాలువలో రాతికి బిగించిన, నీటిమట్టం చూపే గేజి దగ్గర కూర్చుని, గాలికి లేచిన అల తగ్గేదాకా ఆగి అంకె చూసి, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవారు. అల పైకి లేచినప్పుడు చూసిన అంకె రాస్తే కాలువలో లేని నీరు ఉన్నట్టు లెక్క వెళుతుందనీ, ఆ తేడా చివరికి శివారు రైతు నెత్తినే పడుతుందనీ చెప్పేవారు. సెలవుల్లో ఆయన వెంట వెళ్లినప్పుడు షట్టరు తిప్పే ఇనుప చెయ్యి నన్ను పట్టుకోనిచ్చేవారు. మరకు గ్రీజు పెట్టి, నాలుగు చుట్లు తిప్పి, నీటి చప్పుడు విని, మళ్లీ ఒక చుట్టు వెనక్కి తిప్పేవారు. గ్రీజు మరకలు ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండేవి. పెళ్లిళ్లకు వెళ్లేముందు అమ్మ కుంకుడు రసంతో తోమినా పూర్తిగా పోయేవి కావు.

శివారు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఆయన జీవితమంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. కాలువ మొదట్లో చేలున్నవారికి నీరు ముందు అందుతుంది, వద్దన్నా అందుతుంది. చిట్టచివర, సముద్రానికి దగ్గరగా చేలున్నవారికి పైవాళ్లు వాడుకోగా మిగిలినదే దిక్కు. పైగా అక్కడ మంచినీరు సమయానికి రాకపోతే పైరు ఎండడంతో ఆగదు, నేలలోని ఉప్పు పైకి తేలి మరుసటి పంటనూ తినేస్తుంది. సార్వాలో, అంటే వానకాలపు పంటలో, వానలు ఆదుకుంటాయి గనుక పెద్దగా గొడవలుండవు. దాళ్వాలో, అంటే దాని తరువాత వేసే రెండో పంటలో, గోదావరి సన్నబడి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం అందరూ ఎదురుచూసే రోజుల్లో కాలువకు వంతులు పెడతారు. ఆ వంతులు కాపాడడమే లస్కరుకు అసలు పరీక్ష. రాత్రివేళ పైవాళ్లు షట్టరు ఎత్తేస్తారు, లేదా కాలువకు అడ్డంగా గడ్డిమోపులూ మట్టిబస్తాలూ వేసి నీటిమట్టం పెంచుకుంటారు. నాన్నగారు బ్యాటరీలైటు పట్టుకుని రాత్రంతా గట్టు మీదే తిరిగేవారు.

ఒక ఏడాది దాళ్వా పైరు పొట్ట మీద ఉండగా, కాలువ మొదట్లో బాగా పొలమున్న ఆసామి ఒకాయన తన తూము మూయవద్దని గట్టిగా చెప్పారు. పలుకుబడి ఉన్న మనిషి. నాన్నగారు ఎదురు మాట్లాడలేదు. "ఒక్కసారి నాతో రండి బాబూ, చూసి వచ్చాక మీరెలా చెబితే అలా చేస్తానండి" అని ఆయనను శివారుకు తీసుకువెళ్లారు. నేనూ వెనకే ఉన్నాను. అక్కడ చేలు పగుళ్లిచ్చి, బోదెల అడుగున తెల్లగా ఉప్పు పేరి కనిపించింది. ఒక ముసలావిడ బిందెతో నీళ్లు మోసుకొచ్చి చేను మూల పోస్తోంది. ఆసామి చాలాసేపు ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు, "మూసెయ్యవయ్యా, వంతు అయ్యాకే ఎత్తు" అన్నారు. ఆ తరువాత కూడా ఆయన మా ఇంటి ముందు నుంచి వెళుతూ నాన్నగారిని పలకరించకుండా పోలేదు. మనుషులకు అన్యాయం చేయాలని ఉండదు, అవతలివారి కష్టం కంటబడదు అంతే అని నాన్నగారి నమ్మకం. నాకు ఆయన నుంచి అబ్బిన నమ్మకాల్లో అన్నిటికంటే విలువైనది ఇదే.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు ఆయన ఇంటికి రాకుండా ఏటిగట్టు మీదే ఉన్నారు. ఎండ్రకాయ బొరియలోంచి కారే సన్నని ధార మట్టిరంగులోకి మారిందంటే గండికి ఎక్కువసేపు పట్టదని చెప్పేవారు. అటువంటి చోట బస్తాలు వేయించడమే ఆ రోజుల్లో ఆయన పని. 1996 నవంబరు తుపానులో మా కొబ్బరిచెట్లు కూలినా, ముందు మురుగుకాలువల్లో పడిన చెట్లు తీయించడానికే వెళ్లారు. ఆ రెండు సందర్భాల గురించీ ఆయన ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు గనుక నేనూ కల్పించి చెప్పను.

రిటైరయ్యాక కూడా జూన్‌లో కాలువలకు నీరు వదిలారంటే ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు. వచ్చిన నీటిలో చెయ్యి పెట్టి, దోసిలిలోకి తీసుకుని, మొహం కడుక్కుని వచ్చేవారు. చివరి రోజుల్లో మంచం పట్టాక, ఎవరు పరామర్శకు వచ్చినా వారి చేనుకు నీరు అందిందా అని అడిగారు.

ఆయన పెద్దకర్మకు శివారు ఊళ్ల నుంచి మేము పిలవనివారు కూడా వచ్చారు. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుని వారు చెప్పుకున్న సంగతుల్లో సగం మాకు తెలియనివే. తన కూతురి పెళ్లి దగ్గరపడిన ఏడాది పంట పోకుండా నాన్నగారు రాత్రులు తన బోదె దగ్గర కాపలా ఉన్నారని ఒక రైతు చెప్పినప్పుడు, ఆ రాత్రులన్నీ అమ్మ పీట వేసి అన్నం మూతపెట్టి ఎదురుచూడడం నాకు గుర్తుకొచ్చింది. ఎక్కడికి వెళ్లారో అమ్మకూ ఆ రోజే తెలిసింది. ఆమె కళ్లొత్తుకుని, "చెబితే నేను వద్దంటానా" అంది.

అందుకే మీకు చెప్పేది ఒకటే. ఇంట్లో తండ్రి మనకు కనిపించేది పొద్దున కాసేపు, రాత్రి కాసేపు. మిగిలిన ఆయన జీవితమంతా ఆయనతో పనిచేసినవారి దగ్గరా, ఆయన వల్ల మేలు పొందినవారి దగ్గరా ఉంటుంది, వారూ పెద్దవయసువారే అయి ఉంటారు. మీ నాన్నగారు ఏ పని చేసేవారో మీరు రాయలేదు. ఆయన తోటివారు ఉన్న ఊరు తెలిస్తే త్వరలోనే వెళ్లండి, పిల్లలను కూడా తీసుకువెళ్లండి. ఆయన మంచివారేనా అని అడగవద్దు. పనిలో చెయ్యి ఎలా ఉండేదో, కోపం ఎప్పుడు వచ్చేదో, ఎవరి కోసం ఇంటికి ఆలస్యంగా చేరేవారో అడగండి.