పాత టాటా ఏస్‌కు పెద్ద ఇంజన్: రూ.1,40,000 పెట్టొచ్చా?

ప్రశ్న: నాది 2012 మోడల్ టాటా ఏస్. చోడవరం నుంచి పాడేరు ఘాట్ మీదుగా కిరాణా సరుకు వేస్తాను, తిరుగు ట్రిప్పులో అల్లం, పసుపు, కూరగాయలు తెస్తాను. రానుపోను 120 కిలోమీటర్లు, నెలకు 20 ట్రిప్పులు. రెండు వైపులా కలిపి ట్రిప్పుకు రూ.2,600 కిరాయి. 900 కిలోల దాకా ఎక్కిస్తాను. మూడేళ్ల కిందటి వరకు ఘాట్ బాగానే ఎక్కేది, ఇప్పుడు బొత్తిగా లాగడం లేదు. లీటరుకు 16 వచ్చే మైలేజీ 13కి పడింది. టాటా ఇండికా కారు ఇంజన్, గేర్‌బాక్సు సెట్టు వేస్తే బండి ఎగురుతుందని, మొత్తం రూ.1,40,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. చేతిలో రూ.2,20,000 ఉన్నాయి. ఏస్ అమ్మితే రూ.1,30,000 వస్తుంది. ఏస్ కన్నా పెద్ద సరుకు బండి, సెకండ్ హ్యాండ్ టాటా ఇంట్రా వి30 ఒకటి రూ.5,00,000కు ఉంది. వ్యాపారులు ఇంకో 300 కిలోలు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇండికా ఇంజన్ మాత్రం వేయించకండి. మీకు కిరాయి వచ్చేది హార్స్‌పవర్ మీద కాదు, కిలోల మీద. ఇంజన్ ఎంత పెద్దది వేసినా ఆర్‌సీలో రాసిన గ్రాస్ బరువు (బండి, సరుకు కలిపి ఉండదగ్గ బరువు) ఒక్క కిలో కూడా పెరగదు. లక్షన్నర పెట్టి మీరు కొనేది ఘాట్‌లో మిగిలే పావుగంట మాత్రమే. ఆ పావుగంటతో రోజుకు ఇంకో ట్రిప్పు పడుతుందా? పడదు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "మూడేళ్ల కిందట బాగానే ఎక్కేది" అన్నది. అప్పుడూ ఇదే ఇంజన్, ఇదే ఘాట్. మైలేజీ కూడా 16 నుంచి 13కి పడిందంటే ఇంజన్ చిన్నదై కాదు, అరిగిపోయి లాగడం లేదు.

అసలు ఈ ఇంజన్ సత్తా ఎంతో చూద్దాం. 702 సీసీ, రెండు సిలిండర్లు, టర్బో లేదు, 16 హార్స్‌పవర్, టార్క్ సుమారు 38 న్యూటన్ మీటర్లు. బండి బరువు, సరుకు కలిపి 1,550 కిలోలు ఉంటే, వంద మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తులో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ గంటకు దాదాపు 25 కిలోమీటర్ల వేగంతో లాగుతుంది. మీలా 750 కిలోల సరుకు హద్దు మీద 150 కిలోలు ఎక్కువ వేస్తే 23కి దిగుతుంది. ఆపైన ఇంజన్ బలం ఐదో వంతు పోయిందనుకోండి, 18 దగ్గర ఆగిపోతుంది. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని డీజిల్ ఇంజన్ అక్కడికి చేరేసరికి, గాలి పలచబడడం వల్ల, ఇంకో 8, 9 శాతం బలం కోల్పోతుంది. అదనపు లోడు, అరుగుదల, ఎత్తు మూడూ ఒకచోట చేరి మీ బండిని మొదటి గేర్లోకి దించుతున్నాయి. వీటిలో మొదటి రెండూ మీ చేతిలో ఉన్నవే.

ఇక మెకానిక్ చెప్పిన పని. ఏస్ ఇంజన్ ఇండికా 1405 సీసీ ఇంజన్‌లో సగం లాంటిది, కాబట్టి ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. కానీ ఇండికా ముందు చక్రాలతో నడిచే కారు. దాని గేర్‌బాక్సు ముందు చక్రాలకే బలం పంపుతుంది. వెనక చక్రాలతో నడిచే ఏస్‌కు అది పనికిరాదు. "ఇంజన్, గేర్‌బాక్సు సెట్టు" అన్న మాట దగ్గరే అంచనా తప్పింది. ఏస్ గేర్‌బాక్సునే ఉంచితే, 38 న్యూటన్ మీటర్ల కోసం చేసిన గేర్ల మీద 85 న్యూటన్ మీటర్లు పడతాయి. ఏస్‌కు అన్నలాంటి సూపర్ ఏస్ బండి గేర్‌బాక్సు తెస్తే పొడవు మారుతుంది. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్టు కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించాలి. అక్కడ తేడా వస్తే వణుకు మొదలై జాయింట్ క్రాసులు వరసగా పోతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ పొడవు కాబట్టి సీటు కింద చోటు చాలక ఛాసిస్ అడ్డ కమ్మీని (క్రాస్ మెంబరు) కోస్తారు. ఛాసిస్ బలం తగ్గేది అక్కడే. పెద్ద రేడియేటరు, సైలెన్సరు పైపు, ఇంజన్ మౌంటింగులు, వైరింగ్ ఖర్చు వేరు. ఇవన్నీ అయ్యాక, లోడుతో మొదటి గేర్లో క్లచ్ వదిలినప్పుడు దెబ్బంతా వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ క్రౌన్ పినియన్ పళ్ల మీదా, యాక్సిల్ షాఫ్టు మీదా పడుతుంది. అది ఘాట్ మలుపులో విరిగితే బండి వెనక్కి జారుతుంది.

బ్రేకులు మాత్రం పాతవే. ఎక్కేటప్పటి వేగం గురించి అందరూ మాట్లాడతారు, దిగేటప్పుడు 900 కిలోల అల్లంతో ఆ చిన్న డ్రమ్ములు ఎంత వేడెక్కుతాయో ఎవరూ చెప్పరు. నాకు డబ్బు లెక్క కంటే ఇదే ఎక్కువ ఆందోళనగా ఉంది.

మెకానిక్ లెక్కలో లేని ఇంకో ఖర్చు, బండి షెడ్డులో ఉన్న రోజులది. ట్రిప్పుకు డీజిల్ రూ.900 పోగా మీకు రూ.1,700 మిగులుతుంది. ఇలాంటి పనికి మూడు వారాలు పడితే 14 ట్రిప్పులు పోతాయి, అంటే దాదాపు రూ.24,000. అన్నీ కలిపితే అయ్యేది రూ.1,40,000 కాదు, రెండు లక్షల దరిదాపు. పెట్టేది రూ.1,30,000 విలువ చేసే బండి మీద. రేపు అమ్మబోతే ఆర్‌సీతో కలవని ఇంజన్ ఉన్న బండికి ఆ ధర కూడా రాదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. ఈ మాటను సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. సిలిండర్లు, సీసీ, హార్స్‌పవర్ మూడూ మారే మార్పు ఇది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. 8 ఏళ్లు దాటిన రవాణా బండి కాబట్టి మీకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు, ఇంజన్ నంబరు అక్కడ దొరికిపోతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయరు చూసేదీ ఆ నంబరునే. సొంత డ్యామేజీ క్లెయిమ్ పోవడం ఒక ఎత్తు, మూడో మనిషికి ఇవ్వాల్సిన పరిహారం మీ ఆస్తి మీదికి వస్తే అది ఇల్లు అమ్మినా తీరదు. ఓవర్‌లోడు విషయానికొస్తే, కేంద్ర చట్టం 194వ సెక్షన్‌లో రూ.20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2,000 ఉంది. ఆ 150 కిలోలు మీకు ట్రిప్పుకు తెచ్చేది రూ.430. ఒక్కసారి పట్టుబడితే 46 ట్రిప్పుల అదనం పోయినట్టే.

అదే రకం 702 సీసీ ఇంజన్ ఇంకొకటి వేయించడం వేరే సంగతి. దానికి ఆర్టీఏ ఆమోదం తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవచ్చు. స్క్రాప్ షాపులో కొంటే బిల్లుతో పాటు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని కాగితాలు కూడా అడగండి. కాగితం లేని ఇంజన్ దొంగ బండిదైతే కేసు మీ మీదికి వస్తుంది.

అయితే ఇప్పుడేం చేయాలి? ముందు రోగం ఎక్కడుందో తేల్చండి, దానికి రెండు మూడు వేలు చాలు. ఖాళీ బండిని 10 కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. మూడో గేర్లో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, డీజిల్ పంపు దగ్గర లివరు చివరిదాకా వెళ్తోందో లేదో చూడండి. కేబుల్ సాగి సగం దాకానే తెరుచుకునే బండ్లు బోలెడు. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చండి. ఆ తర్వాత పొగ. నల్లగా వస్తే గాలి చాలట్లేదు లేదా సిలిండర్లలోకి డీజిల్ చల్లే నాజిళ్లు సరిగా చల్లట్లేదు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఉఫ్ ఉఫ్‌మని కొడుతుంటే పిస్టన్ రింగులు, బోరు (సిలిండరు లోపలి గోడ) అరిగాయి. చివరగా కంప్రెషన్ గేజీ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టించండి. రెండు సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా ఉంటే ఇంజన్ విప్పాల్సిందే.

కంప్రెషన్ బాగుంటే పంపు, నాజిళ్ల క్యాలిబ్రేషన్, ట్యాపెట్ (వాల్వుల సందు) సెట్టింగుతో సరిపోతుంది. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే లాగుతుందని ఎవరన్నా ఒప్పుకోకండి. గాలి పెరగకుండా డీజిల్ పెరిగితే పొగ, వేడి పెరుగుతాయి. ముందు హెడ్ గాస్కెట్, తర్వాత పిస్టన్ పోతాయి.

బోరుకొచ్చిందని తేలితే పని పూర్తిగా చేయించండి. బోరింగు, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, క్రాంకు గ్రైండింగు, షెల్ బేరింగులు, వాల్వుల గ్రైండింగు, హెడ్ ఫేసింగు, ఆయిల్ పంపు పరీక్ష, వాటర్ పంపు, రేడియేటర్ రాడింగు. డబ్బు ఆదా చేద్దామని పాత బోరులో కొత్త రింగులు వేయిస్తారు చూడండి, బోరు గుండ్రంగా లేకపోతే ఆ రింగులు కూర్చోవు, ఆరు నెలల్లో మళ్లీ అదే పొగ. రేడియేటర్ వదిలేసినా అంతే, బాగుచేసిన ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ కాలుతుంది. పిస్టన్ ఏ కంపెనీది, ఓవర్‌సైజు ఎంత అన్నది బిల్లులో రాయించుకోండి, పాత సామాన్లు వెనక్కి అడగండి. మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడే వేసి, ఆయిల్ మార్చి, అప్పుడు పూర్తి లోడు ఎక్కించండి.

దీనికి నేను పెట్టే హద్దు రూ.60,000. రూ.55,000 అయిందనుకుందాం. మైలేజీ 13 నుంచి 16కి వస్తే ట్రిప్పుకు 1.7 లీటర్లు మిగులుతుంది. లీటరు రూ.97 లెక్కన నెలకు సుమారు రూ.3,300. పదహారు, పదిహేడు నెలల్లో పెట్టింది తిరిగొస్తుంది.

ఇంట్రా వి30 లెక్క వేరు. 1,496 సీసీ, 70 హార్స్‌పవర్, కాగితాల మీదే 1,300 కిలోల లోడు. ఇక్కడ మీరు కొనేది కిలోలు. మీ రూ.2,20,000లో రూ.80,000 ముట్టుకోకండి, అది బండి ఆగిపోతే ఇంటి ఖర్చుకు. మిగిలిన రూ.1,40,000కు ఏస్ అమ్మిన రూ.1,30,000 కలిపి, బీమాకూ పేరు మార్పుకూ రూ.40,000 పక్కన పెడితే, కట్టగలిగేది రూ.2,30,000. అప్పు రూ.2,70,000. ఏడాదికి 16 శాతం వడ్డీ, అదీ తగ్గుతూ మిగిలిన అప్పు మీదే, 36 నెలలైతే ఈఎంఐ సుమారు రూ.9,500. ఫైనాన్స్ వాళ్లు "11 శాతమే, ఫ్లాట్" అంటారు, అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ. అదే అప్పుకు ఆ లెక్కన ఈఎంఐ రూ.9,975 అవుతుంది, అసలు వడ్డీ 19.5 శాతం దగ్గర ఉంటుంది. శాతం వినకండి, ఈఎంఐని నెలలతో గుణించి మొత్తం చూడండి.

ఈఎంఐ కాక టైర్లు, బీమా వగైరాలకు నెలకు ఇంకో రూ.1,500 పెరుగుతుందనుకుంటే ట్రిప్పుకు రూ.550 భారం. ఇంట్రా మైలేజీ 12 అనుకుంటే, బాగుచేసిన ఏస్ కంటే ట్రిప్పుకు 2.5 లీటర్లు ఎక్కువ తాగుతుంది, అది రూ.240. మొత్తం దాదాపు రూ.790. ఇప్పుడు మీకు కిలోకు రూ.2.90 పడుతోంది. అంటే ఇప్పటి 900 మీద ఇంకో 275 కిలోలు, ప్రతి ట్రిప్పులోనూ, సగటున 1,175 కిలోలు ఉంటేనే ఈ బండి తన ఖర్చు తాను మోస్తుంది. వ్యాపారులు ఇస్తామంటున్నది 300. అంచు చాలా సన్నం. సంత రోజుల్లో 300 ఇచ్చి మిగతా రోజుల్లో వంద ఇస్తే నెలనెలా చేతి నుంచి పెట్టుకోవాల్సిందే.

కాబట్టి తొందరపడకండి. రెండు నెలలు ఒక నోటు పుస్తకంలో ప్రతి ట్రిప్పుకూ ఎంత వేశారు, ఎంత సరుకు వదులుకున్నారు రాయండి. వేసిందీ వదిలిందీ కలిపి సగటు 1,200 దాటితే ఇంట్రా తీసుకోండి. దాటకపోతే ఏస్‌నే బాగుచేయించి 750 కిలోలకు దించండి. ఒక్కటే జాగ్రత్త, బోరు చేయించి మూడు నెలల్లో అమ్మే పని పెట్టుకోకండి. ఆ రూ.55,000 అమ్మకపు ధరలో తిరిగి రాదు. ఈ రెండు నెలలూ ఫిల్టర్లు, నాజిళ్ల పనితో నెట్టుకురండి.

పన్ను గురించి ఒక మాట. ఖర్చుల లెక్కలు చూపకుండా అంచనా మీద ఆదాయం చూపే పద్ధతిలో (1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 44ఏఈ సెక్షన్) చిన్న సరుకు బండికి నెలకు రూ.7,500 ఆదాయంగా చూపిస్తే సరిపోతుంది, ఏడాదికి రూ.90,000. అందులో రిపేర్లు, తరుగుదల విడిగా తీసివేయనివ్వరు కాబట్టి "ఇంజన్ ఖర్చు పన్నులో కలిసొస్తుంది" అన్న మాట మీకు వర్తించదు. పన్ను పడకపోయినా రిటర్ను మాత్రం వేయండి. రెండేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే ప్రైవేటు ఫైనాన్స్‌కు బదులు బ్యాంకులో ముద్రా కిశోర్ రుణం అడగొచ్చు, అది రూ.50,000 దాటి రూ.5 లక్షల వరకు ఉంటుంది.

ఏస్ అమ్మేటట్టయితే 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి కాగితాలు కొన్నవాడి చేతికిచ్చి ఊరుకోకండి, దగ్గరుండి పేరు మార్పించండి. ఆర్‌సీలో మీ పేరు ఉన్నంత కాలం ఆ బండి చేసే ప్రమాదానికి మీరే యజమాని. సుప్రీంకోర్టు 2018లో ఇదే తేల్చింది.