మానసిక సమస్యలున్న మాజీ సైనికులు థెరపీ అపాయింట్‌మెంట్లు ఎందుకు మానేస్తుంటారు?

చాలాసార్లు ఆ జబ్బే వాళ్లను వెళ్లనివ్వదు. యుద్ధం లాంటి భయానక అనుభవాల తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి ఒక ముఖ్య లక్షణం, జరిగినదాన్ని గుర్తుచేసే మాటలకు, మనుషులకు, చోట్లకు దూరంగా పారిపోవాలనిపించడం. థెరపీలో మాట్లాడాల్సింది సరిగ్గా దాని గురించే కదా! ఉదాహరణకు, పేలుడులో తోటి సైనికుణ్ణి పోగొట్టుకున్న వ్యక్తి తర్వాతి సెషన్‌లో ఆ రోజు గురించి చెప్పాలనుకోండి. ముందు రాత్రి నుంచే టెన్షన్, నిద్ర పట్టదు, పొద్దున కాలు బయట పెట్టలేడు. మానేయగానే కాస్త ఊరట దొరుకుతుంది, దాంతో మరుసటిసారి మానేయడం ఇంకా తేలికవుతుంది. డిప్రెషన్ వల్ల వచ్చే నీరసం, మతిమరుపు, ఆసుపత్రి దూరం కూడా తోడవుతాయి. రాలేదంటే ఆసక్తి లేదనో, నయమైపోయిందనో అనుకోవడం పొరపాటు. సాయం ఎక్కువ కావాల్సిన సమయం అదే కావచ్చు కాబట్టి, పేరు కొట్టేయకుండా ఫోన్ చేసి మళ్లీ పిలవాలి.