పట్టాల కబుర్లు: కాచిగూడకు గుమ్మటాలెందుకు?

(పాత రైలు స్టేషన్ల గురించి పాఠకుల సందేహాలకు ఈ శీర్షికలో ఓ రిటైర్డ్ రైల్వే గార్డు జవాబులిస్తారు.)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కాచిగూడ గురించే. నా ఉద్యోగంలో సగం ఆ ప్లాట్‌ఫారాల మీదే గడిచింది కాబట్టి మిగతా స్టేషన్ల వాళ్లు ఈ ఒక్కసారికి ఏమీ అనుకోవద్దు. మీ ఉత్తరాలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి.

ప్రశ్న: నేను రోజూ కాచిగూడలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి బేగంపేటలో దిగుతాను. పక్కనున్న విద్యానగర్ స్టేషన్ మామూలుగా ఉంటుంది. కాచిగూడ చూస్తే నవాబుల మహల్‌లా ఉంటుంది. ముందు ఎవరిదైనా దేవిడీ అయితే తర్వాత స్టేషన్‌గా మార్చారా? – ఓ పాఠకురాలు, బర్కత్‌పుర

లేదమ్మా, స్టేషన్ కోసమనే కట్టారు. 1916 నాటి కట్టడం. అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. అంతకు మూడేళ్ల ముందే, 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత హైదరాబాద్‌ను కొత్తగా కట్టుకోవాలనే ఊపు మొదలైంది. ఆ ఊపులోనే 1914 ప్రాంతంలో విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పిని పిలిపించారు. ఆయన అంతకుముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనిని దగ్గరుండి చూసుకున్నాడు. మన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ అన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఈసారి హైకోర్టు వైపు వెళ్తే కాసేపు ఆగి చూడండి, స్టేషన్‌తో చుట్టరికం కనిపిస్తుంది.

కొందరు దీన్ని గోథిక్ శైలి, అంటే యూరప్ పాత చర్చిల పద్ధతి అంటూ రాస్తుంటారు. నాకది మింగుడుపడదు. రోడ్డు వైపు నిలబడి తలెత్తితే మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన చిన్నవి, వాటిని అంటిపెట్టుకుని మినార్లు, కింద కమాన్లు. ఇందులో గోథిక్ ఎక్కడుందో నాకు తెలియదు. ఇంకో విషయం, పైకి చూస్తే పాతకాలం రాతి కట్టడంలా ఉంటుంది గానీ దీనికి వాడింది ఆ రోజులకు సరికొత్త పద్ధతి. భాగాలను ఇనుప చువ్వలు పెట్టి కాంక్రీటుతో ముందే అచ్చుల్లో పోసి, తర్వాత తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడు మెట్రో పిల్లర్ల మీద దిమ్మెలు అలాగే తెచ్చి బిగిస్తున్నారు కదా, వందేళ్ల కిందట ఇక్కడ జరిగిందీ దాదాపు అదే పని. పర్దా పాటించే ఆడవాళ్ల కోసం విడిగా చోటు కూడా ఉంచారు.

ఇంత హంగు దీనికే ఎందుకంటే, నిజాం రైల్వే దీన్ని తన ప్రధాన కేంద్రంగా కట్టుకుంది. ఊళ్లోకి దిగేవాళ్లకు ముందు కంపెనీ దర్జా కనబడాలి మరి.

ప్రశ్న: మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు వైపు బండ్లు చాలామటుకు కాచిగూడకే ఎందుకు వస్తాయి? నాంపల్లి అయితే మాకు ఇంకా దగ్గర పడేది కదా! – ఓ పాఠకుడు

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. కాచిగూడ కథంతా పట్టాల వెడల్పులో ఉంది బాబూ.

మన దగ్గరికి రైలు మొదట వచ్చింది 1874లో. బొంబాయి–మద్రాసు లైను మీదున్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా వేశారు. అది బ్రాడ్ గేజి. అంటే రెండు పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. అదే తర్వాత కాజీపేట మీదుగా 1889లో బెజవాడ దాకా పోయింది. ఇక రెండో పక్క, అంటే నిజామాబాద్, నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ వరకు హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే పేరుతో 1899–1901 మధ్య ఇంకో లైను పడింది. అది మీటర్ గేజి. అంటే సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. పత్తి పండే నేల, కరువు రోజులు, తక్కువ ఖర్చులో ఎక్కువ దూరం పోవాలి, అందుకని చిన్న గేజి ఎంచుకున్నారు. దక్షిణాన మీ మహబూబ్‌నగర్, గద్వాల వైపు వేసిందీ మీటర్ గేజే. అది చివరికి కర్నూలు దాటి ద్రోణాచలంలో కలిసింది. ఈ ఉత్తర, దక్షిణ మీటర్ గేజి దారులు రెండింటికీ నగరంలో పెద్ద గుమ్మం కాచిగూడ. నాంపల్లి బ్రాడ్ గేజి కొమ్మ మీద ఉంది. అప్పట్లో మీ బండి అక్కడికి పోవాలన్నా పట్టాలు సరిపోయేవి కావు.

రెండడుగుల పైచిలుకు తేడా కాగితం మీద చిన్నగానే ఉంటుంది. గేజి మారే జంక్షన్లో చూడాలి దాని బాధ. ఒక వ్యాగను నుంచి బస్తాలు దించి, ప్లాట్‌ఫారం దాటించి, రెండో గేజి వ్యాగనులోకి ఎక్కించాలి. హమాలీల కేకలు, చిరిగిన గోతాలు, లెక్క తేలక క్లర్కుల తగువులు. ప్రయాణికులకైతే పెట్టె, పరుపుచుట్ట, పిల్లలు అన్నీ ఎత్తుకుని బండి మారే టెన్షన్.

అలాగని మీటర్ గేజిని చిన్నచూపు చూస్తే ఒప్పుకోను. కాచిగూడ–మన్మాడ్ అజంతా ఎక్స్‌ప్రెస్ 1967లో గంటకు సగటున 42.5 కిలోమీటర్లు పరుగెత్తి, దేశంలో ఆవిరి ఇంజన్ లాగే మీటర్ గేజి బండ్లలో అన్నిటికన్నా వేగమైనదని పేరు తెచ్చుకుంది. మీనాక్షి ఎక్స్‌ప్రెస్ సంగతి ఇంకా ముచ్చట. కాచిగూడలో ఎక్కినవాళ్లు పూర్ణ, అకోలా, ఖాండ్వా, ఇండోర్, రత్లాం మీదుగా ఎక్కడా గేజి మారకుండా జైపూర్‌లో దిగేవాళ్లు. మధ్యలో ధూల్‌ఘాట్ దగ్గర లైను కొండ చుట్టూ మెలిక తిరిగి తన మీద నుంచి తానే దాటిపోయేది. కిటికీలోంచి చూస్తే కాసేపటి కిందట మనం వచ్చిన పట్టాలు కింద కనిపించేవి. కొత్త ప్రయాణికులు బండి వెనక్కి పోతోందని కంగారుపడేవారు. పెట్టె మాత్రం ఇరుకే. నడవలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు సీట్ల మధ్యకు ఒదగాల్సిందే. చాయ్‌వాలా వస్తే ఇద్దరూ ఒదగాల్సిందే.

అప్పటి ఇంజన్ల మీద ‘వైపీ’, ‘వైజీ’ అని అక్షరాలుండేవి. ‘వై’ అంటే మీటర్ గేజి, ‘పీ’ ప్యాసింజర్ బండిది, ‘జీ’ గూడ్సుది. బ్రాడ్ గేజి ఇంజను పేరు ‘డబ్ల్యూ’తో మొదలవుతుంది. ఇప్పటి కరెంటు ఇంజన్ల మీద కూడా చూడండి, ఆ ‘డబ్ల్యూ’ అలాగే ఉంది. ‘వై’ మాత్రం కనబడదు.

1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. దేశమంతా ఒకటే గేజి ఉండాలని. మన వైపు ఆ దశాబ్దంలో ముక్కలు ముక్కలుగా మార్చుకుంటూ వచ్చారు. లైను మూసేయడం, పాత పట్టాలు పీకడం, స్లీపర్లు మార్చడం, వంతెనలు గట్టిచేయడం, మళ్లీ తెరవడం. ఆ రోజుల్లో ఏ బండి ఎక్కడిదాకా పోతుందో మాకే రోజుకో మాట చెప్పేవారు. గేజి మారినా దారి మారలేదు కదా! దక్షిణం బండ్లకు కాచిగూడే దగ్గర, ప్లాట్‌ఫారాలూ ఉన్నాయి, అలవాటూ ఉంది. అందుకే 2023 సెప్టెంబరులో యశ్వంత్‌పూర్ వందేభారత్ వేసినప్పుడు అది కూడా ఇక్కడి నుంచే బయల్దేరింది. మీ మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది.

ప్రశ్న: మా తాత కాచిగూడలో ల్యాంప్‌మన్ (సిగ్నల్ దీపాలు వెలిగించే ఉద్యోగి). ఆయన పెట్టెలో అరచేతి నిండా ఉండే ఇత్తడి తాళం దొరికింది. మీద ఇంగ్లిష్‌లో ఎన్.ఎస్.ఆర్. అని చెక్కి ఉంది. ఏ కాలం నాటిది? – ఓ పాఠకుడు, నిజామాబాద్

అక్షరాలే దాని పుట్టిన తేదీ. 1930కి ముందుదైతే ఎన్.జి.ఎస్.ఆర్. అని నాలుగు అక్షరాలుండేవి. అప్పుడు అది నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ‘గ్యారంటీడ్’ ఏమిటంటే, 1883లో పెట్టిన ఆ కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మింది. వాటాదార్లకు ఏటా ఇంత వడ్డీ తప్పకుండా ముడుతుందని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. బండ్లు నడిచినా నడవకపోయినా ఖజానా నుంచి ఇచ్చుకోవాల్సిందే. నన్నడిగితే నిజాంకు అది నష్టపు బేరం. 1930 ఏప్రిల్‌లో ప్రభుత్వమే రైల్వేను కొనేసింది, పేరులోంచి ‘జి’ పోయింది. 1951 నవంబరులో మన రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, అప్పటి నుంచి సి.ఆర్. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టాక ఎస్.సి.ఆర్.

కాబట్టి మీ తాళం 1930–1951 మధ్యది. వాడిన కాలం మాత్రం అక్కడితో ఆగి ఉండదు. రైల్వేలో పనిచేసే వస్తువును ఎవరూ పారేయరు. సెంట్రల్ వచ్చాక కూడా పాత తాళాలు, పాత లాంతర్లు, పాత కుర్చీలు అలాగే నడిచాయి. నేను ఉద్యోగంలో చేరాక కూడా పాత అక్షరాల సామాన్లు కనబడేవి.

తాళాన్ని చింతపండు పెట్టి తోమకండి. ఇంట్లోవాళ్లు తళతళలాడాలని తోముతారు, అక్షరాల అంచులు అరిగిపోతాయి. పొడి గుడ్డతో తుడిచి, తాళంచెవి తిరగకపోతే ఒక చుక్క మిషను నూనె వేయండి. మీ తాత పని గురించి ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి రాసుకోండి. చీకటి పడేసరికి సిగ్నల్ స్తంభాలెక్కి కిరోసిన్ దీపాలు పెట్టడం, తెల్లారి మసి తుడిచి వత్తులు కత్తిరించడం, వానలో ఆ నిచ్చెన మీద నిలబడటం అల్లాటప్పా పని కాదు. ఆ దీపం వెలగకపోతే డ్రైవరుకు సిగ్నలే లేదు.

ప్రశ్న: ఎంఎంటీఎస్ కోసం పట్టాలు కొత్తగా వేశారా? – ఓ విద్యార్థిని, చందానగర్

చాలావరకు ఉన్నవే వాడుకున్నారమ్మా, స్టేషన్లు, ప్లాట్‌ఫారాలు, కరెంటు తీగలు పెంచుకుంటూ. 2003 ఆగస్టు 9న మొదలైంది. మీరు లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లే దారి నేను పైన చెప్పిన 1874 నాటి వాడి లైనే. అప్పుడు మధ్యలో పొలాలు, చెరువులు. ఎంఎంటీఎస్ బండ్లు ఫలక్‌నుమా వైపు కూడా వచ్చాక కాచిగూడకు లోకల్ జనం పెరిగారు.

ప్రశ్న: ఆర్టీసీ బస్సులను మొదలుపెట్టింది రైల్వేనే అని మా మామయ్య అంటారు. నేను కాదన్నాను. టీ పందెం కాశాం. – ఓ పాఠకుడు, హన్మకొండ

మామయ్యే గెలిచారు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. పట్టాలు లేని ఊళ్ల నుంచి జనాన్ని స్టేషన్ దాకా తేవాలి. బస్సులు ఎలాగూ వస్తున్నాయి కాబట్టి, అవి రైలుకు పోటీ పడకుండా తన చేతిలోనే ఉండాలి. రెండు లెక్కలూ ఉన్నాయి అందులో. 1951లో అది రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958 జనవరిలో ఏపీఎస్ఆర్టీసీ అయింది. టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా ఇప్పించండి, పెద్దాయన మాట కాదన్నందుకు.